ఫ్లోరైడ్ బోరు, వాన ట్యాంకు, సముద్రపు నీళ్లు: మెట్ట ఊళ్లో ఇంటికి దేని మీద డబ్బు పెట్టాలి?

పడమటి మెట్ట (ప్రశ్న)

మాది ప్రకాశం జిల్లా మర్రిపూడి వైపు. ఇంట్లో ఆరుగురం, స్లాబు వెయ్యి చదరపు అడుగులు. బోరు 280 అడుగులు, ఏప్రిల్ దాటితే అరగంట పోసి ఆగిపోతుంది. ల్యాబులో పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకి 3.1 మిల్లీగ్రాములు, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల మొత్తం) 1,450 వచ్చింది. తాగడానికి ప్లాంటు క్యాన్లు తెచ్చుకుంటున్నాం, వంటకి మాత్రం బోరు నీళ్లే.

చేతిలో ఉన్న డబ్బుతో ఒక్క పనే అవుతుంది. బోరు 600 అడుగులకి దించమని ఒకరు, ఇంట్లో ఆర్ఓ పెట్టుకోమని ఒకరు, స్లాబు మీద వాన నీళ్లు పట్టుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు? ఇంకో సంగతి. ప్రపంచమంతా మంచినీళ్లు అయిపోతున్నాయి, రేపు అందరూ సముద్రపు నీళ్లు శుద్ధి చేసుకుని తాగాల్సిందే అంటున్నారు కదా. ఒంగోలు దాటితే సముద్రమే. ఆ నీళ్లో, వెలిగొండ ప్రాజెక్టు నీళ్లో వచ్చేదాకా ఆగితే సరిపోదా?

పనిలో పనిగా, మా బావమరిదిది కొత్తపట్నం దగ్గర ఇసుక నేల. ఫిల్టర్ పాయింట్ (ఇసుకలో దించిన గొట్టపు బావి) నీళ్లు ఉప్పెక్కాయి. దానికి కూడా ఎవరైనా దారి చెప్పండి.

నల్లరాయి

ముందు బోరు సంగతి. లోతుకి దించొద్దు.

మీ వైపు కింద ఉన్నది గ్రానైటు, నీస్ రాయి. పైన కొన్ని పదుల అడుగులు కుళ్లిన రాయి, దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడ పగుళ్లు. వాన నీరు నిలిచేది ఆ కుళ్లిన పొరలోనూ, దానికి ఆనుకుని ఉన్న పగుళ్లలోనూ. లోతుకి పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. 600 అడుగుల దగ్గర తగిలినా అది ఎన్నో ఏళ్లుగా రాతిని అంటిపెట్టుకుని ఉన్న నీరు. అట్టాంటి నీటిలో సోడియం, బైకార్బొనేట్ పెరుగుతాయి, కాల్షియం తగ్గుతుంది. కాల్షియం ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని గడ్డకట్టించి కిందికి దింపుతుంది. అది లేకపోతే రాతిలోని ఫ్లోరైడ్ అంతా నీళ్లలోకే దిగుతుంది. అంటే ఇప్పుడున్న 3.1 కాస్తా లోతులో ఇంకా పెరగడానికే అవకాశం ఎక్కువ. డబ్బు పెట్టి జబ్బు కొనుక్కున్నట్టు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) వైద్యులు మొదటిసారి నమోదు చేసింది 1937లో, ఈ ప్రాంతంలోనే. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లా కింద ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కాబట్టి పక్క ఊళ్లో ఇంకో పాయింటు చూపిస్తామనే వాళ్ల మాట నమ్మి తిరగొద్దు, రాయి అక్కడా అదే.

టీడీఎస్ మీటరు చూసి ఫ్లోరైడ్ తేల్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది కుదరదు. 1,450లో ఫ్లోరైడ్ వాటా మూడే. టీడీఎస్ 500 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 4 ఉండొచ్చు, 2,000 ఉన్నచోట 1 ఉండొచ్చు. ల్యాబు పరీక్ష ఒక్కటే లెక్క. మన ప్రమాణాల ప్రకారం 1.0 దాకా మంచిది, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా తాగొచ్చు.

చల్లని కుండ

ఇంత ఆలోచన దేనికన్నా? ఆర్ఓ మిషను గోడకి తగిలిస్తే గంటలో పని అయిపోతుంది. ఫ్లోరైడ్ తొంభై శాతం దాకా తీసేస్తుంది, 3.1 కాస్తా 0.3కి దిగుతుంది. వాన రాని ఏడు మీ ట్యాంకులో ఏముంటుంది, దుమ్ము తప్ప?

వానచుక్క

ఆర్ఓ పనిచేయదని ఎవరూ అనరు. కానీ ఈయన బోరు ఏప్రిల్లో అరగంట పోసి ఆగిపోతుందని ఆయనే చెప్పారు. ఇంటి ఆర్ఓ మామూలుగా లోపలికి పోయిన నీటిలో నాలుగో వంతే తాగే నీరుగా ఇస్తుంది. తాగడానికి, వంటకి కలిపి మనిషికి 5 లీటర్లు వేసుకుంటే ఆరుగురికి రోజుకి 30 లీటర్లు. దానికోసం 120 లీటర్లు పోయాలి, అందులో 90 కాలవలోకి పోతాయి. ఆ 90లో ఫ్లోరైడ్ 4 దాకా చిక్కబడి ఉంటుంది. దాన్ని గేదెలకి పెట్టకూడదు, బోరు పక్కన పారబోయకూడదు. బాత్రూము కడగడానికి తప్ప పనికిరాదు. పైగా పొర అరిగిపోతే నీటి రుచి మారకముందే ఫ్లోరైడ్ జారడం మొదలవుతుంది. ఆరు నెలలకోసారి మిషను నుంచి వచ్చే నీటిని పరీక్ష చేయించని వాళ్లకి ఆర్ఓ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇప్పుడు వాన లెక్క. వెయ్యి అడుగుల స్లాబు అంటే 93 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. ఆవిరి, తడి, చిందడం పోగా ఎనభై శాతం చేతికొస్తుందనుకోండి. ఏడాదికి 600 మి.మీ. పడితే 44,600 లీటర్లు. కరువొచ్చి 400 మి.మీ. మాత్రమే పడినా 29,700 లీటర్లు. మీకు ఏడాది పొడుగునా తాగడానికి, వంటకి కావలసింది 10,950. కాబట్టి వాన చాలదనే భయం లేదు. వానకి వానకి మధ్య దాచుకునే చోటు ఉందా లేదా అన్నదే అసలు సంగతి. మనకి ఈశాన్య రుతుపవనం డిసెంబరుతో ముగుస్తుంది. ఆ తర్వాత గట్టి వాన ఆగస్టు దాకా పడదనే లెక్కలోనే ఉండాలి. 220 రోజులకి 6,600 లీటర్లు. 10,000 లీటర్ల నిల్వ పెట్టుకుంటే 333 రోజులు వస్తుంది.

వంటకి బోరు నీళ్లే వాడుతున్నామన్నారు, అది వెంటనే ఆపండి. కాచినా ఉడికించినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. పప్పు, అన్నం, టీ రూపంలో లోపలికి పోయేది తక్కువేమీ కాదు. క్యాను నీళ్లు తాగుతున్నాం కదా అనుకునే ఇళ్లలో సగం మంది చేసే పొరపాటు ఇదే. నల్ల ఉప్పు, డికాక్షన్ ఎక్కువ వేసిన టీ కూడా తగ్గించండి, వాటిలోనూ ఫ్లోరైడ్ ఎక్కువే.

కట్టే పద్ధతి. స్లాబు వాలు ఒకే మూలకి ఉండేలా సిమెంటుతో సర్ది, అక్కడ 4 అంగుళాల పీవీసీ గొట్టం దించండి. గంటకి 100 మి.మీ. కుంభవృష్టిలో కూడా మీ స్లాబు మీద నుంచి సెకనుకి రెండున్నర లీటర్లే వస్తుంది, 4 అంగుళాల గొట్టం తేలిగ్గా మోస్తుంది. గొట్టం మూతి దగ్గర ఆకులు ఆపే జాలీ పెట్టాలి. కిందికి దిగాక ముందు ఒక 100 లీటర్ల డ్రమ్ము నిండాలి, ఆ తర్వాతే నీరు ట్యాంకు వైపు తిరగాలి. దుమ్ము, పిట్టల రెట్ట అంతా మొదటి మిల్లీమీటరు వానలోనే కొట్టుకొస్తుంది, అది ఆ డ్రమ్ములో ఆగుతుంది. చాలామంది 6 అంగుళాల గొట్టం ఒక మీటరు ముక్క పెట్టి ఇదే తొలి నీటి పట్టు అంటారు. ఆ ముక్కలో పట్టేది ఇరవై లీటర్ల లోపే, మీ స్లాబుకి ఏ మూలకీ రాదు. డ్రమ్ము అడుగున చిన్న కుళాయి పెట్టి సన్నగా కారేలా వదిలేయండి. అది మర్నాటికి ఖాళీ కాకపోతే తర్వాతి వానకి పాత మురికే ట్యాంకులోకి పోతుంది.

డ్రమ్ము తర్వాత ఒక చిన్న వడపోత: అడుగున 20 మి.మీ. కంకర, పైన చిప్స్, ఆ పైన కడిగిన ముతక ఇసుక. బొగ్గు వేస్తే వేయండి, కానీ ఏటేటా మార్చే ఓపిక ఉంటేనే. మార్చని బొగ్గు సూక్ష్మజీవులకి ఇల్లవుతుంది.

ట్యాంకుకి నేల మీద నల్ల ప్లాస్టిక్‌వి 5,000 లీటర్లవి రెండు నయం. నిండితే ఒక్కొక్కటి ఐదు టన్నులు, స్లాబు ఎక్కించే ఆలోచన పెట్టుకోవద్దు. కింద కాంక్రీటు దిమ్మె మట్టంగా ఉండాలి, గులకరాయి మిగిలినా ట్యాంకు అడుగు చీలుతుంది. భూమిలో సిమెంటు తొట్టి కడితే చవకే, కానీ పక్కన మురుగు గుంట ఉంటే పగులు నుంచి లోపలికి ఊరుతుంది, అది కనిపెట్టడం కష్టం. కొత్త సిమెంటు తొట్టి అయితే నింపి వారం ఉంచి పారబోయాలి, రెండుసార్లు. లేకపోతే సున్నపు రుచి పోదు.

కుళాయిని ట్యాంకు అడుగు నుంచి నాలుగంగుళాల పైన బిగించండి, మడ్డి కిందే ఉంటుంది. పొర్లు గొట్టానికి, గాలి గొట్టానికి దోమల జాలీ తప్పనిసరి. వెలుగు ఏ సందులోంచీ పడకూడదు, పడితే పాచి పడుతుంది. ట్యాంకు నిండాక వెయ్యి లీటర్లకి 5 గ్రాముల చొప్పున తాజా బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, తేరాక పైనీళ్లు మాత్రమే పోయండి. అరగంట తర్వాత క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో బలం ఉండదు.

లెక్కల పుస్తకం

సముద్రపు నీటి సంగతి నేను చెప్తాను, ఇందులో తాగే నీటిది, సాగు నీటిది రెండు వేర్వేరు లెక్కలు కలిసిపోయాయి.

భూమ్మీద నీటిలో తీపి నీరు రెండున్నర శాతమే. అందులో మూడింట రెండొంతులు మంచు. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం భూగర్భ జలం, నదుల్లోనూ చెరువుల్లోనూ ఉన్నది చాలా కొంచెం. ఆ నీరు ఏటా వానతో తిరిగొస్తూనే ఉంటుంది, కాబట్టి అయిపోవడం అనే మాట సరిగ్గా అతకదు. వానతో దిగిన దానికన్నా ఎక్కువ తోడేసిన చోటే నిల్వ తగ్గుతుంది. ప్రపంచంలో మనుషులు తోడుకునే తీపి నీటిలో డెబ్బై శాతం దాకా వ్యవసాయానికే పోతుంది. భూగర్భ జలాన్ని అన్ని దేశాలకన్నా ఎక్కువగా తోడేది మనమే.

సముద్రపు నీటిని తాగే నీరుగా మార్చడానికి వెయ్యి లీటర్లకి సుమారు మూడు నుంచి నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. అక్కడి నుంచి వంద మీటర్ల ఎత్తుకి తోడడానికి, పంపు నష్టాలు కలుపుకుని, ఇంకో 0.4 యూనిటు. వెయ్యి లీటర్లంటే 50 క్యాన్లు. కరెంటు వరకే చూస్తే తాగే నీటికి ఇది భరించలేని ఖర్చేమీ కాదు, ప్లాంటుకి, పైపులకి పెట్టే పెట్టుబడే పెద్దది. చెన్నైకి కండలేరు నుంచి కాలవలో ఏటా 12 టీఎంసీల ఒప్పందం ఉన్నా, 2010లో మీంజూరు, 2013లో నెమ్మేలి ప్లాంట్లు కట్టుకున్నది అందుకే. అవి ఉండి కూడా 2019లో చెన్నైకి రైలు వ్యాగన్లలో నీళ్లు తోలాల్సి వచ్చింది.

ఇప్పుడు అదే నీటితో ఒక ఎకరం వరి పండించండి చూద్దాం. వరికి 1,200 మి.మీ. నీరు వేసుకుంటే ఎకరానికి 48 లక్షల 50 వేల లీటర్లు. యూనిట్లలో 17,000. ఏ ధాన్యం ధర ఆ బిల్లు కడుతుంది? మీంజూరు ప్లాంటు రోజుకి 10 కోట్ల లీటర్లు, ఏడాదంతా ఆగకుండా తిరిగితే సుమారు 1.3 టీఎంసీ. మన సోమశిల ఒక్కసారి నిండితే 78 టీఎంసీలు. అంటే అట్టాంటి అరవై ప్లాంట్లు ఏడాది తిరగాలి. సముద్రం గొంతు తడుపుతుంది గానీ మడి తడపదు.

వెలిగొండకీ ఇదే లెక్క వర్తిస్తుంది. శ్రీశైలం వెనక నీటి నుంచి 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల్లో 43.5 టీఎంసీల కృష్ణ వరద నీరు తేవాలన్నది పథకం, సాగుకి 4.47 లక్షల ఎకరాలు, తాగునీటికి 15.25 లక్షల మంది. మనిషికి రోజుకి 55 లీటర్లు ఇచ్చినా ఆ జనం మొత్తానికి ఏడాదికి కావలసింది ఒక టీఎంసీకి కాస్త పైన. మిగిలిందంతా పొలాలకే. తాగునీటి లైను ముందు వేయమని అడిగే హక్కు మీ ఊళ్లకి అందుకే ఉంది. కానీ అది శ్రీశైలం నిండి పొర్లే వరద మీద ఆధారపడిన నీరు. ఆరుగురికి రోజుకి 30 లీటర్ల కోసం దాని దారి చూస్తూ ఈ లోపల పిల్లల పళ్లు పసుపెక్కనివ్వడం ఏ లెక్కలోనూ కుదరదు.

దొరువు గట్టు

కొత్తపట్నం సంగతి పూర్తిగా వేరు. ఇసుక దిబ్బల కింద వాన నీరు తేలికగా ఉండి ఉప్పు నీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు పైన తీపి నీరు ఉంటే, కింద నలభై మీటర్ల దాకా తీపి ఉంటుందని లెక్క. ఇది తిరగబడినా అంతే. పంపు దగ్గర మట్టం ఒక అడుగు పడిపోయి అట్టాగే నిలిస్తే, కింద ఉప్పు నీరు నలభై అడుగులు పైకి లేవడానికి చూస్తుంది. ఫిల్టర్ పాయింట్ ఒకే చోట గట్టిగా లాగుతుంది కాబట్టి ముందు ఉప్పెక్కేది అదే.

కానీ మందు వేసే ముందు జబ్బు తేల్చుకోవాలి. టీడీఎస్ మీటరు ఇక్కడ పనికొస్తుంది. పొద్దున పంపు వేసిన అయిదు నిమిషాలకి ఒకసారి, రెండు గంటలు నడిచాక ఒకసారి చూడండి. పొద్దున తక్కువగా ఉండి నడిచేకొద్దీ పెరిగితే కింద నుంచి ఉప్పు లేస్తోంది, మీ తోడకమే కారణం. పొద్దున్నే ఎక్కువగా ఉండి అట్టాగే నిలకడగా ఉంటే పక్క నుంచి ఊరుతోంది. చుట్టుపక్కల రొయ్యల గుంటలు నింపిన నెలలతో ఆ అంకెలు పోల్చి రాసి పెట్టుకోండి. ఫిర్యాదుకి వెళ్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. తీరంలో ఉప్పునీటి రొయ్యల సాగుకి 2005 చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మత్స్యశాఖ దగ్గర ముందు అదే అడగండి.

మొదటి రకం అయితే పాతకాలపు దొరువే (ఇసుక నేలలో తవ్వే లోతు తక్కువ గుంట) దిక్కు, కాస్త మార్చి. ఒరలు దించి పది పన్నెండు అడుగుల గుంట చేయాలి. ఎండాకాలం నీటి మట్టానికి కొంచెం కిందగా, రెండు మూడు దిక్కులకి చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలు పడుకోబెట్టి, నైలాన్ జాలీ చుట్టి, గుంట వైపు రవ్వంత వాలు ఇవ్వాలి. పైపొర తీపి నీరు మాత్రమే పక్కల నుంచి జారి గుంటలోకి వస్తుంది. బాపట్లలో ఉప్పునీటి పరిశోధన విభాగం వాళ్లు తీర్చిదిద్దిన పద్ధతి ఇది. గొట్టాలు మే నెలలో పరచాలి. వానాకాలం మట్టం చూసి పరిస్తే వేసవిలో గాలిలో వేలాడతాయి. జాలీ సరిగ్గా చుట్టకపోతే ఒక్క పంటకే ఇసుక నిండుతుంది. పంపు చిన్నదే పెట్టండి, గంట నడిపి రెండు గంటలు ఆపండి, నీళ్లు డ్రిప్పుకి ఇవ్వండి. ఐదు హార్స్‌పవర్ మోటారు పెట్టి వరి వేస్తే దొరువు కూడా ఫిల్టర్ పాయింట్ దారే పడుతుంది.

ఒకసారి ఉప్పెక్కిన పాయింట్ ఒక్క వానాకాలంతో తీపెక్కదు. దాన్ని మూసి వదిలేయమనండి.

పడమటి మెట్ట

అందరికీ దండాలు. వాన ట్యాంకే ఖాయం చేసుకున్నాం. రెండు అనుమానాలు. స్లాబు మీద మిరపకాయలు ఆరబెడతాం, పొగాకు మందు కొట్టే స్ప్రేయరు కూడా అక్కడే ఉంటుంది. ట్యాంకు నిండాక పొర్లే నీటిని బోరులోకి వదలొచ్చా?

వానచుక్క

స్ప్రేయరు, మందు డబ్బాలు స్లాబు మీదికి ఇంకెప్పుడూ ఎక్కకూడదు, ఖాళీవి కూడా. మిరపకాయలు జనవరి తర్వాత ఆరబెట్టుకోండి, ఆగస్టులో స్లాబు కడిగేయండి. కాయ మీద మిగిలిన మందు కూడా నీళ్లలోకే దిగుతుంది, అందుకని ఆ ఏడాది మొదటి రెండు వానల నీళ్లు ట్యాంకుకి పట్టొద్దు. గొట్టానికి పక్కదారి మూత ఒకటి పెట్టించుకుంటే తిప్పేస్తే సరిపోతుంది. సీజను మధ్యలో నీళ్లలో క్రిములు ఉన్నాయో లేదో చెప్పే, పల్లె వాళ్లకి దొరికే నల్లబడే సీసా పరీక్ష ఒకటి చేయండి. సీసాలో నీళ్లు నల్లబడితే మళ్లీ బ్లీచింగ్ వేయాలి.

నల్లరాయి

బోరు గొట్టంలోకి నేరుగా వద్దు. మూత తీసి పైపు పెట్టేసే పద్ధతి కొన్ని ఊళ్లలో ఉంది, దాంతో బురద పోయి పగుళ్లు పూడుకుంటాయి, రోగాల క్రిములు నేరుగా భూగర్భంలో పడతాయి. బోరుకి పది అడుగుల దూరంలో 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు గుంట తీయండి. అడుగున పెద్ద రాళ్లు, పైన 40 మి.మీ. కంకర, ఆపైన 20 మి.మీ., అన్నిటికన్నా పైన ఒక అడుగు మందం ఇసుక. రాళ్ల సందుల్లో మూడు వేల లీటర్ల పైన పడుతుంది, 35 మి.మీ. వాన మీ స్లాబు మీద పడినా సరిపోతుంది. పైన ఇసుక ఏటా సెప్టెంబరులో గీకి కొత్తది వేయాలి. ఆ ఒక్క పని మానేసిన గుంటలే రెండో ఏడు నుంచి తాగడం ఆపేస్తాయి. మరుగుదొడ్డి గుంటకి యాభై అడుగుల లోపల ఉండకూడదు.

కేసింగుకి చిల్లులు పొడిచి చుట్టూ రాళ్లు నింపే పద్ధతి చెప్తారు, అది ఇంకా త్వరగా నీరు దించుతుంది కానీ తాగే బోరుకి నేను ఒప్పుకోను. గుంట వల్ల వేసవిలో బోరు ఇంకాస్త ఎక్కువసేపు పోయొచ్చు. ఫ్లోరైడ్ ఎంత తగ్గుతుందన్నది పగుళ్ల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఏడాది తర్వాత పరీక్షలో 1.5 లోపల కనిపిస్తే తప్ప ఆ బోరు నీళ్లు స్నానానికి, గిన్నెలకి, బట్టలకి మాత్రమే. నీళ్ల నమూనా మే నెలలో ఒకటి, డిసెంబరులో ఒకటి ఇవ్వండి, ఒక్క డిసెంబరుది చూసి సంతోషపడొద్దు.